చూరులో గుచ్చిన గాలం

గోదావరి డెల్టాలో తాటాకిళ్లు ఉన్నన్నాళ్లూ వేట సామానుకి వేరే చోటు వెతుక్కోనక్కర్లేకపోయింది. గాలాలు చూరులో గుచ్చి ఉండేవి. గాలపు కర్రని వాసాల మధ్య దూర్చేవారు. విసురు వల పంచలో గుంజకి వేలాడేది. ఊత అనే వెదురు బుట్ట వంటింటి అటకెక్కేది. పొయ్యి పొగ తగులుతుంటే వెదురుకి పురుగు పట్టదు. దాబాలు వచ్చాక ఈ ఏర్పాటంతా చెదిరింది. శ్లాబుకి గాలం గుచ్చుకోదు. సామాను ముందు మేడమెట్ల కిందికి, అక్కణ్నుంచి వాటర్ ట్యాంకు పక్కకి, ఆఖరికి పాత ఇనప సామాను కొనేవాడి బండిలోకి చేరింది.

అయినా కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. మూత తీస్తే తుప్పు వాసన. చిన్న పుల్లకి చుట్టిన దారం, నాలుగు సీసం ముక్కలు, ఎండిపోయిన బెండు, ఒకదానికొకటి చిక్కుకున్న గాలాలు. వాటితో వేటాడిన మనిషి ఉండకపోవచ్చు. డబ్బాని మాత్రం పారెయ్యనివ్వరు.

అది వట్టి మమకారమే కాదు. ఏ చేప ఏ నెలలో ఎక్కడ తిరుగుతుందో, ఎంత లోతున మేస్తుందో, దేనికి ఆశపడుతుందో తెలిసిన మనిషి ఆ తెలివినంతా పనిముట్టులోనే దాచి వెళ్లాడు. చదవడం తెలిస్తే డబ్బాలోంచి ఒక కాలవ మొత్తం బయటికొస్తుంది.

గాలం సైజు చూసి చేప పేరు చెప్పొచ్చు. పరిగెల కోసం పిల్లలు గుండుసూదిని దీపం మంటలో కాల్చి వంచుకునేవారు. దానికి లోపలివైపు ముల్లు ఉండదు. అందుకే చేప తగలగానే ఒక్క ఊపున గట్టు మీద పడెయ్యాలి. దారం సడలిందా, జారిపోతుంది. జెల్లకీ మార్పుకీ ముల్లున్న గాలం కొనుక్కోవాల్సిందే. గాలాల ప్రపంచంలో పెద్ద పేరు నార్వేలో 1832లో మొదలైన మస్టాడ్ సంస్థది. గాలాలు చేసే యంత్రాన్ని 1877లోనే తయారుచేసుకుని, దేశదేశాలకీ సరుకు పంపింది. ఇక నంబర్ల లెక్క కొత్తవాళ్లకి తిరకాసు. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఒకటో నంబరు దాటాక 1/0, 2/0 అంటూ వరస తిరగబడి, అక్కణ్నుంచి అంకెతోపాటు గాలమూ పెరుగుతుంది.

బెండు సంగతి ఇంకా సున్నితం. జీలుగు బెండు ముక్కో, నెమలి ఈక కాడో దారానికి కట్టేవారు. కింద సీసం ఎక్కువైతే మునుగుతుంది, తక్కువైతే నీటి మీద పడుకుంటుంది. కొస మాత్రం పైకి కనపడేలా తూచి కట్టాలి. అప్పుడది కింద జరిగేదంతా చెప్తుంది. పరిగె టకటకా పొడుస్తుంది. వాలుగ ఒక్కసారిగా ముంచేస్తుంది. కొరమేనుది వేరే దారి. తూటికాడల పక్కన, గుర్రపుడెక్క సందుల్లో చిన్న కప్పని ఎరగా వదిలితే, పట్టుకున్నాక మింగేదాకా ఆగాలి. తొందరపడి లాగితే కప్పా ఉండదు, చేపా ఉండదు.

విసురు వలది చేతులు నేర్వాల్సిన విద్య. గుండ్రని వల, నడిమి కొసకి చేతి తాడు, అంచు చుట్టూ గుండ్లు, అంచుని లోపలికి మడిచి కట్టిన సంచులు. తాడు కొసని మణికట్టుకి తగిలించుకుని, వలలో కొంత మోచేతి మీద, కొంత భుజం మీద వేసుకుని, అంచుని పళ్లతో పట్టి, నడుము తిప్పి విసరాలి. గాలిలో పళ్లెంలా విచ్చుకుని నీటి మీద గుండ్రంగా పడితే విసురు కుదిరినట్టు. గుండ్లు అంచుని అడుక్కి లాగుతాయి. తాడు మెల్లగా లాగుతుంటే అంచు దగ్గరపడి, కిందికి పారిపోబోయిన చేప సంచుల్లో చిక్కుతుంది. వల కన్ను కొలత చేతివేళ్లదే. రెండు వేళ్లు దూరే కన్నుకి ఒక రకం చేప, నాలుగు వేళ్లు దూరే కన్నుకి ఇంకో రకం. సీసం దొరకని రోజుల్లో మట్టి గుండ్లు కాల్చి కట్టేవారు.

బెండ్లు, బరువులు కట్టిన వల ఎంత పాతదో తెలియడానికి కరేలియా వెళ్లాలి. ఫిన్లాండ్, రష్యాల నడుమ ఉన్న ఆ ప్రాంతంలో, ఆంట్రియా అనే చోట 1913లో ఒక వల బయటపడింది. సుమారు పది వేల ఏళ్ల నాటిది. విల్లో చెట్టు నారతో అల్లిన ఆ వలకి పైన పైన్ బెరడు బెండ్లు, కింద రాళ్లు ఉన్నాయి. పైన తేలేది, కింద మునిగేది, మధ్యలో కన్నులు. అంతర్వేది రేవులో ఈ రోజు ఆరేసిన వలది కూడా అదే లెక్క.

అలాగని నూలు వల రోజుల్ని మరీ మురిపెంగా తలుచుకోనక్కర్లేదు. నూలు నీటిలో నానితే కుళ్లుతుంది. వేట నుంచి వచ్చి ఒళ్లు పులిసిపోయి ఉన్నా వలని కడిగి ఆరెయ్యాలి. కొన్నాళ్లకోసారి బెరడు ఉడికించిన కషాయంలో ముంచాలి. కోరింగ వైపు ఆ పనికి మడ చెట్ల బెరడు ఉండేది. బెరడులోని టానిన్ వల్ల దారం గట్టిపడి, వల ఎర్రమట్టి రంగుకి తిరిగేది. ఈ చాకిరీలో ఇంట్లో ఆడవాళ్లకీ వాటా ఉండేది.

నైలాన్ వచ్చి ఆ చాకిరీని తప్పించింది. అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ 1935లో తయారుచేసిన పోగు అది. కొచ్చిలో 1957లో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ కృత్రిమ పోగులతో కట్టిన వలల మీద పరీక్షలు చేసింది. బరువు తక్కువ, బలం ఎక్కువ, కుళ్లదు. మత్స్యకారుడు నూలుని వదిలేసినందుకు అతన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ కుళ్లకపోవడమే నైలాన్ తప్పు కూడా. తెగి ఏటి అడుగున పడ్డ నూలు వల కొన్నాళ్లకి మట్టిలో కలిసేది. నైలాన్ వల ఎవరూ లాగకపోయినా చేపల్ని చంపుతూనే ఉంటుంది.

ఊతకీ మావుకీ దారమే అక్కర్లేదు, వెదురు బద్దలు చాలు. ఊత అడుగు లేని బుట్ట. కింద వెడల్పు, పైన చెయ్యి పట్టేంత మూతి. ఎండాకాలం కాలవలు కట్టేశాక మడుగుల్లో నీళ్లు మోకాలి లోతుకి దిగేవి. పదిమంది వరసగా నడుస్తూ బురదలో ఊతలు గుచ్చుకుంటూ పోయేవారు. లోపల టపటపమని తగిలితే పై మూతిలోంచి చెయ్యి పెట్టి తియ్యాలి. అందులో ఇంగిలాయి ఉంటే ముల్లు దిగి చెయ్యి సలుపుతుంది. కాబట్టి తడిమి చేపని గుర్తుపట్టడమూ విద్యలో భాగమే. మావు అనే బోనుది ఓపిక పని. కొల్లేట్లోనూ, చేల గట్లకి వేసిన గండ్ల దగ్గరా నీటి వాలు చూసి దీన్ని పెడతారు. లోపలికి వాలిన పుల్లల సందులోంచి చేప దూరగలదు, తిరిగి రాలేదు. రాత్రి పెట్టి పొద్దున్నే ఎత్తడమే. పుల్లల ఎడంలోంచి పిల్ల చేపలు జారిపోతాయి. ఆ ఎడం ఎంతుండాలో అల్లేటప్పుడే తేల్చుకునేవారు.

పులస వలలోనూ అంతే, కన్నే ప్రాణం. వరద నీరు ఎర్రబడ్డాక సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే చేప అది. ప్రవాహానికి అడ్డంగా వల వదిలి, దాంతోపాటే పడవనీ సాగనిస్తారు. తల దూరి మొప్పల దగ్గర బిగుసుకున్నదే దొరుకుతుంది. చిన్నది కన్నులోంచి దాటిపోతుంది, పెద్దదానికి తలే దూరదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ చేప ఎగువ ప్రయాణానికి అడ్డు పడింది. వేట ఎక్కువగా దిగువకి, యానాం, నరసాపురం రేవుల వైపుకి పరిమితమైంది.

పులస పేరు మాత్రం చాలా దూరం వెళ్లింది. ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో పుస్తకం అచ్చు వేశాడు. మన జాలర్ల నోట విన్న పేర్లనే వాటికి రాశాడు. వాటిలో 'పలస' ఒకటి. ఆ మాటనే తీసుకుని 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే 'క్లుపియా పలస' అని శాస్త్రీయ నామం పెట్టాడు. పులస అంటే ఇలిష చేపే; దానికి అప్పటికే వేరే శాస్త్రీయ నామం ఉండటంతో ఇది నిలవలేదు గానీ, తెలుగు మాట శాస్త్ర గ్రంథాల్లో ఇప్పటికీ ఉంది.

చేప పేరుకి దక్కిన ఆ భాగ్యం దాన్ని పట్టిన సామానుకి దక్కలేదు. ఆనకట్ట పనిలో వాడిన యంత్ర సామగ్రిని చూడాలంటే ధవళేశ్వరంలో దాన్ని కట్టించిన ఇంజినీరు కాటన్ పేరిట మ్యూజియం ఉంది. ఊతకీ గాలపు కర్రకీ ఇప్పటికీ ఇంటి అటకే దిక్కు. ఈలోగా భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల చేలు చెరువులయ్యాయి. మేత వేసి పెంచిన చేప బరువు లెక్కన లారీ ఎక్కుతోంది. దాన్ని పట్టడానికి ఏ కప్ప ఎర కావాలో, బెండు ఎలా మునుగుతుందో ఎవరికీ అక్కర్లేదు. సముద్రం రేవుల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజుల్లో మాత్రం వల బాగుచేసే చేతులు ఇంకా కనిపిస్తాయి. కాలవ గట్టు సామానుకి ఆ పాటి వారసులూ తగ్గిపోయారు.

ఇంట్లో అలాంటి డబ్బా ఉన్నవాళ్లు దాన్ని ఒకసారి దించండి. ఏ గాలం దేనికి వాడేవారో, వల ఎవరు కట్టారో, ఊత ఏ ఊరి మేదర్లు అల్లారో, ఏ కాలవలో ఏ చేప పడేదో తెలిసిన పెద్దవాళ్లు ఉంటే పక్కన కూర్చుని అడిగి రాసుకోండి; విసురు చూపించమంటే ఫోన్లో వీడియో తియ్యండి. తర్వాత గాలాల తుప్పు గీకి, కాస్త కొబ్బరినూనె రాసి, రాసిన కాగితాన్ని కూడా అదే డబ్బాలో పెట్టండి.