ఆగినచోటి నుంచే

తొంభైల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించే వీడియో గేములు ఆడినవాళ్లకు కరెంటు కోత బాధ తెలుసు. మారియోతో ఏడో లోకం దాకా వెళ్లినా సరే, ఫ్యాను ఆగిందంటే మళ్లీ మొదటి లోకమే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ క్యాసెట్‌లో ఆటను దాచుకునే చోటే లేదు.

ఆ లోటు తీర్చడానికి జపాన్‌లో దొరికిన ఒక ఉపాయం కాగితం, పెన్సిలు. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట, ఆటగాడి పేరు, బంగారం, అనుభవం, చేతిలోని వస్తువులు అన్నిటినీ 20 హిరగానా అక్షరాల్లోకి కుదించి తెరమీద చూపేది. దానికి ‘పునరుజ్జీవన మంత్రం’ అని పేరు. అది రాసి పెట్టుకుని, మళ్లీ ఆడేటప్పుడు ఒక్కో అక్షరమే ఎక్కించాలి. మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగంలో మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. ఎక్కడో ఒక అక్షరం తప్పు రాసుకుంటే ఆట ఒప్పుకునేది కాదు. పిల్లలకు అది ఏడుపు తెప్పించే సంగతే కానీ, ఆ ఒప్పుకోకపోవడంలోనే, దాచిన ఆటను తిరిగి తెరిచే విద్య మొత్తం ఉందని నా నమ్మకం.

ఇంకో ఉపాయం బ్యాటరీ. 1987లో అమెరికాలో విడుదలైన లెజెండ్ ఆఫ్ జెల్డా క్యాసెట్ లోపల ఒక బిళ్ల బ్యాటరీ ఉండేది. స్విచ్చి కట్టేసినా అది చిన్న మెమొరీ చిప్‌కు ప్రాణం పోస్తూ ఉండేది. ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కిపట్టి పవర్ తీయమని సూచన. కరెంటు పడిపోయే ఆ క్షణంలో ప్రాసెసర్ తడబడి చిప్‌లో పిచ్చిరాతలు రాసే ప్రమాదం ఉంది మరి.

సొంతంగా ఆట తయారుచేసుకునేవాళ్లు సేవ్ చేయడం మీద పెట్టినంత శ్రద్ధ లోడ్ చేయడం మీద పెట్టరు. నేనూ పెట్టలేదు. ఆటలు తయారుచేసే గోడాట్ ఇంజిన్‌లో ఒక చిన్న ఆట చేశాను, పాడుబడ్డ కోటలో తాళంచెవులు వెతుక్కునేది. ఓ ఆదివారం మా మేనల్లుడు, “మామయ్యా, కంటిన్యూ నొక్కితే ఆట మూసుకుపోతోంది. బావి దాకా వెళ్లాను నేను” అన్నాడు. ముందురోజే నేను తాళంచెవుల లెక్కను ఒక అంకె నుంచి జాబితాగా మార్చాను. వాడి ఫైలు పాత పద్ధతిలోనే ఉంది. వాడి ముఖం చూశాక ఈ పని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను.

ఫైలు ఉందా అని అడగడం మొదటి మెట్టు. లేకపోతే కంటిన్యూ బటన్ మసకబారాలి. కానీ ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. ఖాళీ ఫైలు కావచ్చు, సగంలో తెగినది కావచ్చు, ఇంకేదో ఫైలుకు ఆ పేరు పడి ఉండొచ్చు. అందుకే ఫైలు తలమీద ఒక గుర్తు వేస్తారు. మొదటి ప్లేస్టేషన్ మెమొరీ కార్డు ‘ఎంసీ’ అనే రెండక్షరాలతో మొదలయ్యేది. గుర్తు పక్కనే, ఫైలు ఏ పద్ధతిలో రాసిందో చెప్పే వెర్షన్ అంకె ఉండాలి. నేను విస్మరించింది దాన్నే.

తర్వాత చెక్‌సమ్. కిరాణా కొట్టు చిట్టా అడుగున వేసే మొత్తం లాంటిది. మళ్లీ కూడితే అదే రావాలి, రాకపోతే మధ్యలో ఎక్కడో అంకె చెడింది. 1996 నాటి పోకెమాన్ ఆటలు ఈ లెక్క కుదరకపోతే ఫైలు నాశనమైందని చెప్పేసేవి. 2002లో వచ్చిన పోకెమాన్ రూబీ, సఫైర్ మరింత దయగలవి. సేవ్‌ను రెండు చోట్ల మార్చి మార్చి రాస్తాయి. కొత్తది చెడితే పాతది తెరుస్తాయి. ఇంట్లో చేసే ఆటకూ ఇది కష్టం కాదు. కొత్త సేవ్‌ను వేరే పేరుతో పూర్తిగా రాసి, ఆ తర్వాతే అసలు పేరుకు మార్చాలి. మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలు చెక్కుచెదరదు.

2015లో టోబీ ఫాక్స్ గేమ్‌మేకర్‌తో చేసిన అండర్‌టేల్ సేవ్ తెరిచే పనిని కథలోకే తీసుకొచ్చింది. తొలి మజిలీలో టోరియెల్ అనే పాత్రను చంపి, మనసు ఒప్పక పాత సేవ్ తెరిచి ఈసారి ఆమెను వదిలేస్తారనుకోండి. ఫ్లోవీ అనే పువ్వు మీరు చేసిందంతా తనకు తెలుసంటుంది. సేవ్ ఫైలు వెనక్కి వెళ్లినా, పక్కనున్న మరో చిన్న ఫైలు మరచిపోలేదు. ఫైలు చదవడమనే గుమాస్తా పనితో ఆటగాడి మనస్సాక్షిని తట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

చెడిన ఫైలును కొన్ని ఆటలు చెరిపేసి కొత్తది మొదలుపెడతాయి. అది చేయకూడని పని. నా ఆటలో ఇప్పుడు, తెరవలేని ఫైలు పేరు చివర ‘పాతది’ అని చేర్చి పక్కన పెడతాను. వెర్షన్ 1 నుంచి 2కు, 2 నుంచి 3కు ఒక్కో మెట్టూ మార్చే చిన్న ఫంక్షన్లు రాశాను. వెర్షన్ అంకె లేని ఫైలును ఒకటో వెర్షన్‌గా తీసుకుంటాయి. మా మేనల్లుడి ఫైలు అదృష్టం కొద్దీ చెరగకుండా ఉంది. అంకెను జాబితాగా విడదీసే ఫంక్షన్ దాన్ని చదివింది. వాడు బావి గట్టు మీద, చేతిలో మూడు తాళంచెవులతో నిలబడి ఉన్నాడు.