‘నైసు’ శబ్దవిచారము

గుంటూరు బ్రాడీపేటలో వీథిని ‘లైను’ అందురు. ఎన్నవ లైనో చెప్పనిదే అచ్చట ఎవరి యిల్లును దొరకదు. ఆ పేటలోని యొక మిల్లునొద్ద ఒక వృద్ధురాలు మిరపకాయల సంచి దించి, “నైసుగా ఆడించు నాయనా, బరక వద్దు” అనుట నేను వింటిని. తాను ఆంగ్లపదమును పలికినట్లు ఆమె యెఱుగదు. ఎఱుగవలసిన యవసరమును లేదు. అంతకు రెండుదినములముందే ఒక సభలో నొక పండితమిత్రుడు, ఈ ‘నైసు’ మన ‘నిశిత’ శబ్దమునుండియే ఆంగ్లేయులకు సంక్రమించినదని యుపన్యసించి కరతాళధ్వనుల నందెను. ఆ కరతాళములకే యీ సమాధానము.

మిత్రుని వాదము వినుట కింపుగానే యున్నది. ‘శో’ ధాతువునకు పలుచన చేయుట యర్థము. ‘ని’ యను నుపసర్గతో క్తప్రత్యయము చేరగా నిశిత, నిశాత రూపములు రెండును సిద్ధించును. ఆంగ్లమునను మిక్కిలి సన్నని భేదమును ‘నైస్ డిస్టింక్షన్’ అందురు. ధ్వని కలిసినది, అర్థమును కలిసినది. ఇక కావలసిన దేమి? కావలసినది చరిత్ర. ఆ సూక్ష్మార్థము పుట్టుకతో వచ్చినది కాదు, 16వ శతాబ్దినాటికి వచ్చి చేరినది. అంతకు రెండువందల యేండ్లకు పూర్వమే ఆ పదము ఆంగ్లమున వేఱొక యర్థమున వాడబడుచుండెను. ఆ యర్థము ‘తెలివిమాలినవాడు’.

లాటినున ‘నెస్కియుస్’ అనగా ఎఱుగనివాడు. అందు ‘నె’ నిషేధార్థకము, మన నకారమునకు సహోదరము. ‘స్కీరె’ యనగా ఎఱుగుట. ‘సైన్సు’ దీని సంతానమే. ఎఱుకకు సైన్సు, ఎఱుగమికి నైసు, రెండును ఒక యింటి బిడ్డలే. ప్రాచీన ఫ్రెంచి ద్వారమున 1300 ప్రాంతమున ఆంగ్లమున అడుగిడినప్పుడు దానికి మూర్ఖుడనియే యర్థము. పిమ్మట పిఱికితనము, సౌకుమార్యము, ఎంచిచూచుటలో చాదస్తము, సూక్ష్మత, కడకు 18వ శతాబ్ది యుత్తరార్ధమున ఇంపు. వీనిలో ఏది దేనినుండి యెట్లు పుట్టెనో స్పష్టము కాదని ఆక్స్‌ఫర్డు మహానిఘంటువును (1884–1928) కూర్చినవారే యొప్పుకొనిరి. కడపటి యర్థ మెంతగా ప్రబలెననగా, జేన్ ఆస్టెన్ తన ‘నార్తాంగర్ అబ్బీ’లో ఒక పాత్రచేత దానిని ఎగతాళి చేయించినది.

మూర్ఖవాచకము మనోహరవాచక మగుట మనకు వింతయా? ‘ముహ్’ ధాతువును చూడుడు. అష్టాధ్యాయిలోని 8-2-33 సూత్రమున హకారమునకు ఘకారము వికల్పముగా విధింపబడినది. ఘకారపక్షమున ముగ్ధ, తదితరపక్షమున మూఢ. ధాతువొకటి, ప్రత్యయమొకటి, మొదట అర్థమును ఒకటియే. ఋగ్వేదమున 5వ మండలము 40వ సూక్తమున స్వర్భానుడు సూర్యుని చీకటిచే కప్పగా, లోకములు చోటెఱుగక దిక్కుతోచనివానివలె నుండెనని చెప్పినచోట ముగ్ధశబ్దమే యున్నది. ఎఱుగమియు ముగ్ధతయు అచ్చట ప్రక్కప్రక్కనే! ఆలంకారికులయొద్ద ఆ ముగ్ధయే నాయిక యైనది. మూఢశబ్దము మాత్రము ఉన్నచోటనే యుండెను. రెండు రూపములుండుటచేత సంస్కృతము నిందను ఒకదానియందును, మెప్పును వేఱొకదానియందును పెట్టుకొన్నది. ఆంగ్లమునకు ఆ సౌకర్యము లేదు. పులుసు కాచిన గిన్నెను కడుగకయే పాయసము పోసినట్లు, అన్ని యర్థములును ఒకే పదమున పడినవి.

కావుననే ‘నైస్’ కనబడినచోట నెల్ల ‘మంచి’ యని వ్రాయించు పాఠశాలల యలవాటును నేను మెచ్చను. 14వ శతాబ్దివాడగు చాసర్ ఎవనినైన ‘నైస్’ అన్నచో అది సాధారణముగ పొగడ్త కాదు. నేనును ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ‘వెఱ్ఱి’ యని సరిగా వ్రాసిన యొక బాలుని కాగితముపై ఎఱ్ఱసిరాతో ‘మంచి’ యని దిద్దినవాడనే. ఆ బాలు డెదురు చెప్పలేదు. చెప్పియున్న నాకు మేలగును.

ఇక మన నైసు. తెలుగు అజంతభాష కావున ఉకారము చేరినది. ‘గా’ చేరి క్రియావిశేషణ మైనది. వ్రేళ్లకు నునుపుగా తగులు బట్ట నైసు, మెత్తని కారము నైసు. సభనుండి చప్పుడు లేక లేచిపోయినవాడు నైసుగా జారుకొన్నవాడు. తియ్యని మాటలతో పని జరుపుకొనుట నైసు చేయుట. వీనిలో ‘మంచి’ యేది? నైసుగా మాటాడువానిని కొంచెము కనిపెట్టి యుండవలెనని మన పల్లెలలో పసివాడును ఎఱుగును. స్పర్శనుండి వాక్కునకు, వాక్కునుండి నడవడికి ఈ యర్థము జరిగిన తీరు, నా యభిప్రాయమున, తెలుగువారిదే. మిత్రునికి పలుచనచేయుటయే కావలసియున్నచో అంతదూరము పోనక్కఱ లేదు. కారపు మిల్లునకు పోయిన చాలును.

అన్యదేశ్యమని నిఘంటుకర్తలు దీనిని వాకిటనే నిలుపరాదు. నేనైనచో నిట్లు వ్రాయుదును:

నైసు: అన్య. విణ. 1. మెత్తనిది, బరక కానిది. 2. నునుపైనది. 3. (గా చేరి) ఇతరు లెఱుగకుండునట్లు, ఒడుపుగా. 4. (చేయు ధాతువుతో) ఇచ్చకములాడి లోబఱచుకొను.