వైఫల్యాన్ని ముందే లెక్కగట్టే పాఠం

తమంతట తాము ఎగిరే డ్రోన్ల భద్రత, విశ్వసనీయతలను విశ్లేషించడం ఇంజనీరింగ్ విద్యార్థులకు నేర్పాలంటే ఎంతో ఓపిక కావాలి. డ్రోన్ ఎందుకు పడుతుందో, పడితే ఎవరికి హానో ముందే అడిగే అలవాటు చేయించడమే ఈ బోధన గొప్పదనం.

పాఠం పట్టికతో మొదలవుతుంది. మోటారు, బ్యాటరీ, జీపీఎస్ ఒక్కొక్కటి ఎలా చెడవచ్చో, ఫలితమేమిటో విద్యార్థులు రాస్తారు. ఈ పద్ధతికి మూలం 1949 నాటి అమెరికా సైనిక పత్రం. తర్వాతిది దోషవృక్షం. ‘డ్రోన్ కూలింది’ అని పైన రాసి, కారణాలను మెట్టుమెట్టుగా కిందికి వెతుకుతారు. 1960ల ఆరంభంలో బెల్ ప్రయోగశాలల్లో క్షిపణుల కోసం ఇది పుట్టింది.

ఆపైన లెక్క. ఒక్కో మోటారు పనిచేసే సంభావ్యత 0.99 అయితే, నాలుగూ తిరిగితేనే ఎగిరే డ్రోన్‌కు అది సుమారు 0.96కు తగ్గుతుంది. ఆరు మోటార్లు పెడితే ఒకటి ఆగినా నిలదొక్కుకునేలా రూపొందించవచ్చు. కానీ అన్నింటికీ ఒకే బ్యాటరీ అయితే, అది ఆగగానే ఆరూ ఆగుతాయి.

ప్రమాదాన్ని ముందే ఊహించే ఈ చూపు బొగ్గు గనులున్న మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌కు పాతదే. సింగరేణి భూగర్భ గనుల్లో భద్రత చూసే మైనింగ్ సర్దార్ పైకప్పు తట్టి చూస్తాడు, గ్యాస్ పరీక్షిస్తాడు. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపాల్సిందే. బ్యాటరీ ఎంత తగ్గితే దిగాలో, సిగ్నల్ తెగితే ఏం చేయాలో డ్రోన్‌కూ ఇలాగే ముందుగా హద్దులు గీయాలి.

సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో, తమంతట తాము ఎగిరే డ్రోన్ల పరీక్షలకు ‘తిహాన్’ క్షేత్రం 2022లో ప్రారంభమైంది. బొగ్గుబెల్టు కళాశాలలూ ఈ పాఠానికి చోటివ్వాలి. దీన్ని శ్రద్ధగా చెప్పే గురువులు ప్రాణాలు నిలిపే పని చేస్తున్నారు.