ప్రథమ పురుషలో తమ కథ: విమానంలోని తెర, ప్రత్యక్ష ప్రసారం, ప్రేక్షకుని స్థానం

2005 సెప్టెంబరు 21న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్బ్యాంక్ నుండి న్యూయార్కుకు బయలుదేరిన జెట్‌బ్లూ 292 విమానం పైకి లేచిన తరువాత దాని ముందు చక్రాలు లోపలికి ముడుచుకోలేదు. లాంగ్‌బీచ్ విమానాశ్రయం మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరినప్పుడు, ఆ చక్రాలు 90 డిగ్రీలు తిరిగి అడ్డంగా బిగుసుకుపోయాయని కిందివారు చూసి చెప్పారు. ఎయిర్‌బస్ ఎ320కి ఇంధనాన్ని గాలిలో పారబోసే ఏర్పాటు లేదు. బరువు తగ్గాలంటే కాల్చవలసిందే. అందుచేత 140 మంది ప్రయాణికులు, 6 మంది సిబ్బందితో ఆ విమానం రెండు గంటలకు పైగా ఆకాశంలో తిరిగి, సాయంత్రం లాస్ ఏంజెలెస్‌లో దిగింది. ముందు టైర్లు కాలిపోయాయి, నిప్పులు చిమ్మాయి, కాని ఎవరికీ గాయం కాలేదు.

ఈ వ్యాసానికి ప్రస్తుతమైన విషయం ఆ మధ్యకాలం. ఆ సంస్థ విమానాలలో ప్రతి సీటు వెనుకా ఉపగ్రహ టెలివిజన్ తెర ఉండేది. వార్తా చానళ్లు ఆ విమానాన్ని ప్రత్యక్షంగా చూపుతుండగా, అందులో కూర్చున్నవారు తమ విమానాన్ని, తమ వంకర చక్రాన్ని, తమ గురించి నిపుణులు చేస్తున్న ఊహలను అదే తెర మీద చూశారు. వారిని ప్రేక్షకులు అనాలా, పాత్రలు అనాలా? ఈ ప్రశ్నను వింత వార్తగా వదలక, అలంకారశాస్త్రం, వ్యాకరణం మనకిచ్చిన పరికరాలతో పరిశీలించవచ్చునని నా అభిప్రాయం.

ప్రత్యక్ష ప్రసారం అనగానే సంజయుణ్ణి స్మరించడం మనకు అలవాటు. ఈ పోలిక రెండు విధాల నిలవదు. భీష్మపర్వంలో సంజయుడు ముందుగా భీష్ముడు పడిపోయాడన్న వార్త తెచ్చి, ఆ తరువాతే యుద్ధక్రమం చెబుతాడు. ఫలితం తెలిసిన కథకుడు ఆయన. వినే ధృతరాష్ట్రుడు తండ్రిగా ఎంత తల్లడిల్లినా రథం మీద లేడు. 292లో చెప్పేవాడికి ఫలితం తెలియదు. వినేవాడు రథం మీదే ఉన్నాడు.

ఇంతకంటె దగ్గరి సామ్యం భవభూతి ఉత్తరరామచరితం ఏడవ అంకంలోని గర్భాంకం. సీతా పరిత్యాగం తరువాతి వృత్తాంతాన్ని వాల్మీకి నాటకంగా ఆడించగా రాముడు ప్రేక్షకుడై కూర్చుంటాడు. తన కథను తానే చూస్తూ నిగ్రహం కోల్పోతాడు. ఇది నాటకమని లక్ష్మణుడు గుర్తుచేయవలసి వస్తుంది. భట్టనాయకుడు, అభినవగుప్తుడు చెప్పిన సాధారణీకరణం ఇక్కడ తలకిందులైంది. ఇతరుల దుఃఖం నాదీ కాదు, నాది కానిదీ కాదు అన్న స్థితిలో రసం పుడుతుంది; రాముడికి అది పూర్తిగా నాదే. అయినా అతనికి ఒక ఆధారం ఉంది. ఆ నాటకాన్ని కూర్చినవాడికి ముగింపు తెలుసు, ఆ ముగింపులో దయ ఉంది. పక్కన లక్ష్మణుడున్నాడు. విమానంలోని ప్రయాణికునితో ఇది నాటకమని చెప్పగలవారెవరూ లేరు. చెప్పినా అబద్ధమే అవుతుంది.

వార్తా కథనపు భాషలోనే అసలు చిక్కు ఉంది. ఆపదలో ఉన్నవారిని గురించి అది ప్రథమ పురుషలో మాట్లాడుతుంది: ప్రయాణికులు, వారు, ఆ విమానం. ఉత్తమ మధ్యమ పురుషల మధ్య జరిగే సంభాషణకు బయట ఉన్నవారికే మన వ్యాకరణంలో ప్రథమ పురుష. తమ మాట ఆ ప్రయాణికుల చెవిన పడదని మాట్లాడేవాడి నమ్మకం. ఆ రోజు ఆ నమ్మకం చెడింది. ‘వారు’ వింటున్నారు, కాని బదులు పలకలేరు. ఎదుటివారు తమ ముందే తమ గురించి వైద్యునితో మాట్లాడుకోవడం విన్న రోగికి ఈ స్థితి కొంత తెలిసి ఉంటుంది.

రెండవది చేదర్థకం. చక్రం విరిగితే, ముక్కు నేలకు తగిలితే, మంట లేస్తే. జరగనిదాన్ని గురించి గంటలకొద్దీ మాట్లాడాలంటే చేదర్థకం తప్ప గతి లేదు. 1999లో కొలంబస్‌లో అమెరికా వెస్ట్ సంస్థ ఎ320 ఒకటి సరిగ్గా ఇటువంటి చక్రంతోనే దిగింది. ఇది నిశ్చయార్థక వాక్యం, ధైర్యమిచ్చే వాక్యం. అయితే ఒకసారి చెబితే అయిపోతుంది. చేదర్థకానికి అంతం లేదు, కనుక ప్రసారకాలమంతా దానిదే అవుతుంది. దీన్ని వ్యాఖ్యాతల దుర్బుద్ధిగా నేను చూడడం లేదు. ఎడతెగని దృశ్యానికి మాట సరఫరా చేయవలసిన ప్రక్రియ స్వభావమే అది.

మన తెలుగు చానళ్లు ఇటువంటి వేళ వాడే మాట ‘ఉత్కంఠ’. ప్రబంధాలలో విరహోత్కంఠిత ఉంది. ఆమెకు కావలసింది ఒక్కటే, ప్రియుని రాక. తెర ముందున్న ఉత్కంఠకు కావలసింది ముగింపు, అది ఏదైనా సరే. దూరపు ప్రేక్షకుడు తనలోని ఈ తటస్థతను గుర్తించడు. 292లోని ప్రేక్షకుడు మాత్రం, తనకు ఒకే ముగింపు కావాలి కనుక, దాన్ని ఎదుటి గొంతులో పసిగట్టగలడు. ప్రత్యక్ష ప్రసారానికి అంతకంటె కఠినమైన విమర్శకుడు దొరకడు.

అంతమాత్రాన తెర మొదటినుండీ మూసి ఉంచవలసిందని నేననను. చక్రం ఎలా తిరిగి ఉందో తమ కళ్లతో చూడడం కూడా ఒక హక్కే. ఆ విమానంలో మరొక గొంతు కూడా ఉంది. మధ్యమ పురుషలో, విధ్యర్థకంలో మాట్లాడే గొంతు: వెనుక సీట్లలోకి జరగండి, తల వంచి పట్టుకోండి. ముందు చక్రం మీద బరువు తగ్గించడానికి మనుషులను, సామానును వెనుకకు జరిపారు. ఈ వాక్యాలు వినేవాణ్ణి ఉద్దేశించినవి, అతడు చేయగలిగినవి. ఇవి ‘అయితే’ అనవు.

నేల తాకేముందు తెరలు ఆపివేశారు. చక్రం నేలను రాసుకుంటూ నిప్పులు చిమ్మిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఆ సీట్లలో తల వంచుకుని ఉన్నవారు చూడలేదు.