అక్క ఇంటి హాల్లో అయిదు స్పీకర్లు

ఈ వారం నాకు చిర్రెత్తించింది ఒక జాబితా. ఆళ్లగడ్డలో ఉంటున్న మా మేనల్లుడు వాట్సాప్‌లో పంపాడు. మొదటి వరసలో తొమ్మిది ఛానళ్ల ఏవీ రిసీవర్, ధర లక్ష పైమాటే. దాని కింద ఏడు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్. అవన్నీ కలిపినా రిసీవర్ ధరలో సగానికి రావు. అడుగున ఒక ముక్క: "సరే అను మామా, ఆర్డర్ పెట్టేస్తా." గది ఎంతుంది, గోడలెట్లా ఉన్నాయి, కింద ఏం పరిచారు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు అన్నది ఎక్కడా లేదు.

ఈ కాలమ్‌ను విడవకుండా చదివేవాళ్లకు నా పాత పంతాలు కొత్త కాదు. టీవీని దేవుడి పటంలా ఎత్తున కొట్టేవాళ్లతో నాకు పడదు. పాటొస్తే తగ్గించి, మాటొస్తే పెంచి, సినిమా అయ్యేలోపు రిమోట్ అరగదీసే ఇళ్లను చూస్తే జాలి. వాట్లు చూసి పెట్టె కొనేవాళ్లంటే మాత్రం ఒళ్లు మంట. తొంభైల్లో డెక్కుల మీద 'పీఎంపీవో' అంటూ వేలల్లో అంకెలు అంటించేవాళ్లు, గుర్తుందా? గోడ ప్లగ్గులోంచి వంద వాట్లు కూడా తీసుకోని డబ్బా వెయ్యి వాట్లు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుందని అడిగినవాడు లేడు. ఇప్పుడు ఆ స్టిక్కర్ పోయింది, కిటుకు పోలేదు. రిసీవర్ అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు ఒకే ఒక్క ఛానల్‌ను, ఒకే ఒక్క స్వరం దగ్గర, పది శాతం దాకా ధ్వని చెడేంతగా సాగదీసి కొలిచింది. మాన్యువల్ చివరి పేజీల్లో ఇంకో అంకె ఉంటుంది: 8 ఓమ్‌ల దగ్గర, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, రెండు ఛానళ్లు కలిసి పనిచేస్తుండగా ఎంత అని. అట్ట మీద 150 అన్నది అక్కడికొచ్చేసరికి 80 అయిపోవచ్చు. నమ్మాల్సింది ఆ 80నే.

ఆ 80 చూసి దిగులు పడక్కర్లేదు, చెవి లెక్క వేరు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు. వినేవాడు "కొంచెం పెంచినట్టున్నారే" అంటాడు, అంతే. మోత రెండింతలైందని అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. అదే, ఒక్క వాటుకు మీటరు దూరంలో 87 డెసిబెళ్లు పలికే స్పీకర్ వదిలేసి 90 పలికేది తెచ్చుకున్నారనుకోండి, రిసీవర్ జోలికి పోకుండానే వాట్లు రెట్టింపు చేసుకున్నట్టు. అందుకే ముందు స్పీకర్లు, అందులోనూ ముందు మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్. సినిమాలో మాటలు దాదాపు అన్నీ వచ్చేది అందులోంచే. 'అరుంధతి'లో సోనూ సూద్‌కు పి. రవిశంకర్ ఇచ్చిన గొంతు, 2009 నుంచి పిల్లల్ని మంచం కిందికి తరుముతున్న ఆ బొమ్మాళీ గొంతు, మన ఇంట్లో ఎంత భయపెడుతుందో తేల్చేది ఆ ఒక్క డబ్బా. మావాడి జాబితాలో అన్నిటికంటే చవక సరుకు అదే.

ఫోన్లో తిడితే తేలేది కాదని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

హాలు పన్నెండు అడుగులు, పదహారు, ఎత్తు పది. కింద కొత్తగా పాలిష్ పట్టించిన బేతంచెర్ల నాపబండలు, అద్దంలా మెరుస్తున్నాయి. గోడలకు నున్నటి పుట్టీ. సామాన్లన్నీ వెనక గదిలోకి చేర్చారు. తలుపులు వేయించి మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు గోడకూ గోడకూ మధ్య జింగుమంటూ తిరిగి తిరిగి గాని చావలేదు. "విన్నావా? నీ లక్ష రూపాయల పెట్టె పలికే ప్రతి మాటకూ ఈ హాలు ఇట్లా తోక తగిలిస్తుంది" అన్నాను. మావాడు నవ్వి, "అందుకే కదా మామా, అన్నీ మూసేసి ఏసీ పెట్టి, గోడలకు స్పాంజి కొట్టిస్తా" అన్నాడు. నేనూ మెత్తబడ్డాను. దళసరి పరదాలు, తివాచీ, గోడలకు దూది పలకలు, సందు లేని తలుపులు: హోమ్ థియేటర్ గురించి రాసేవాళ్లంతా చెప్పేది ఇదే, నేనూ చెబుతూ వచ్చిందే.

ఇంతలో పిల్లలు బెలుం పోదామని పట్టుబట్టారు. కొలిమిగుండ్ల ఎంత దూరం, పదండి అన్నాను.

బెలుం గుహల గురించి ఈ కాలమ్‌లో ఎప్పుడూ రాయలేదు, ఆశ్చర్యమే. బయట నుంచి చూస్తే చేలలో బావి తవ్వినట్టు ఒక గొయ్యి. మెట్లు దిగితే మొత్తం 3,229 మీటర్ల నల్ల సున్నపురాయి సొరంగం, అందులో మనల్ని నడవనిచ్చేది కిలోమీటరున్నర. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. తర్వాత వందేళ్లు ఎవరికీ పట్టలేదు. 1982, 83ల్లో హెచ్. డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి, పాకుతూ దోగాడుతూ కొలిచి పోయింది. పర్యాటక శాఖ దారులేసి, దీపాలు పెట్టి, గాలి కోసం బ్లోయర్లు బిగించి 2002లో జనానికి తెరిచింది. ఇప్పటికీ కోటిలింగాల దాకా పోయొచ్చేసరికి చొక్కా పిండుకోవాల్సిందే. ఆ ఉక్కలో కూడా మా పిల్లలు పాతాళగంగ చూడందే వెనక్కి రామన్నారు.

సింహద్వారం దాటాక ఒక కుర్రాడు జేబులోంచి బ్లూటూత్ స్పీకర్ తీసి పాట పెట్టాడు. నాకు తిట్టు నోటిదాకా వచ్చింది, కానీ వినడానికి ఆగాను. అది మంచి కంపెనీ స్పీకరే, పైన పార్కింగ్‌లో పాట ప్రతి మాటా తెలిసేట్టు పలికింది. ఇక్కడ ఒక్క మాట తెలిస్తే ఒట్టు. రాతి నుంచి రాతికి దూకి దూకి, ముందటి అక్షరం చావకముందే తర్వాతది వచ్చి మీద పడుతోంది. తాళం ఒకటే మిగిలింది, అదీ బురదగా. మావాడి భుజం మీద చెయ్యేసి, "ఇదీ మన హాలే, కొంచెం పెద్దదంతే" అన్నాను.

అక్కణ్ణుంచి సప్తస్వరాల గుహ. 2006లో గాని జనాన్ని అటు రానివ్వలేదు. పైనుంచి వేలాడే సున్నపు ఊడల్ని గైడు కట్టెతో తడితే ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది, రాయి కాదు లోహమేమో అన్నట్టు. పైకొస ఒక్కటే అతుక్కుని, కింది కొస గాల్లో ఉంటుంది కాబట్టి కొట్టగానే ఊడంతా కంపిస్తుంది. సన్నవి, పొడుగ్గా ఉన్నవి బాగా మోగుతాయి. నేలదాకా వచ్చి స్తంభమైపోయినది తడితే 'డబ్' అని ఊరుకుంటుంది. అమెరికాలో మనవాళ్లు వారాంతాల్లో పోయే వర్జీనియా లూరే గుహల్లో ఇదే గుణాన్ని పట్టుకుని లీలండ్ స్ప్రింకిల్ అనే ఆయన ఊడలకు రబ్బరు సుత్తులు బిగించి, తీగలతో కలిపి, ఆర్గాన్ మెట్లు నొక్కితే గుహే వాయించేట్టు చేశాడు. 1956లో పూర్తయింది. మన దగ్గర అంత పని అక్కర్లేదు గాని, వచ్చిన ప్రతివాడూ రూపాయి బిళ్లతోనూ కడియంతోనూ కొట్టకుండా ఒక కమ్మీ అడ్డం పెడితే చాలు. వేల ఏళ్లు చుక్క చుక్కగా పెరిగిన ఊడ ఒక్క సెల్ఫీకి విరిగిపోతుంది.

తడితే మోగడం రాతికి గొప్ప. ఆళ్లగడ్డ వీధుల్లో శిల్పుల షెడ్ల ముందు నిలబడితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు సుత్తితో తట్టి వినే పద్ధతి శిల్పశాస్త్రంలో ఉంది: గంట మోగినట్టు మోగితే పురుష శిల, కంచు పలికినట్టు పలికితే స్త్రీ శిల, నాదమే లేకపోతే నపుంసక శిల. లోపల పగులున్న రాయి మోగదు, అదీ అసలు సంగతి. స్పీకర్ డబ్బాకు తీర్పు సరిగ్గా తిరగబడుతుంది. షాపులో పక్కపలక మీద వేలి గణుపుతో కొట్టి చూడండి. మోగిందా, పక్కన పెట్టేయండి. ఆ పలక సినిమాలో ప్రతి ఢమరుకానికీ తన సొంత స్వరం కలుపుతుంది. మొద్దుగా 'టక్' అని ఊరుకుంటే లోపల బరువైన చెక్క, అడ్డుపట్టీలు ఉన్నట్టు. షాపువాళ్లు ముఖం చిట్లిస్తారు, చిట్లించనీయండి. మావాడు తర్వాత నంద్యాల షాపులో వరసగా కొట్టుకుంటూ పోతే సేల్స్ కుర్రాడు "పుచ్చకాయలు కావు సార్" అన్నాడట.

తిరిగొచ్చాక అక్క ముందు పంచాయితీ పెట్టాం. పరదాలు, తివాచీ, మూసిన తలుపులు అని నేను మొదలుపెట్టగానే అక్క అందుకుంది. "తివాచీనా? ఎండాకాలం మధ్యాన్నం ఈ బండల మింద పండుకుంటేనే కదరా పానం నిలిచేది. అవి కప్పేస్తే నేను యాడ పండుకోవాల? తలుపులు మూసి సినిమా చూసేదేంది, దొంగతనమా? పక్కింటోళ్లు రావద్దూ?"

నవ్వొచ్చింది గాని, వెంటనే వాలెస్ సబీన్ గుర్తొచ్చాడు. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాల కట్టారు, అందులో ఎవరేం చెబుతున్నారో ఎవరికీ అర్థం కాదు. ఒక మాట అయిదున్నర సెకన్లు నిలిచేది. దాన్ని బాగుచేయమని కుర్ర అధ్యాపకుడైన సబీన్‌కు అప్పగించారు. అతను పక్క థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఊరంతా నిద్రపోయాక ఆర్గాన్ గొట్టం ఊది, గడియారం పట్టుకుని, ఎన్ని దిండ్లకు ధ్వని ఎంత త్వరగా చస్తుందో రాసుకున్నాడు. హాళ్లు కట్టేవాళ్లు ఇవాళ్టికీ వాడే సూత్రం అందులోంచి పుట్టింది. ఆ లెక్కకు అతను పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. దాని మీద పడిన శబ్దం తిరిగి రాదు గదా. అంతకంటే బాగా మింగే దూది పలక ఎవడూ అమ్మలేడు.

కాగితం తీసి లెక్క కట్టాం. బండ, పుట్టీ, పైకప్పు తమ మీద పడిన శబ్దంలో వందకు మూడు పాళ్లు మింగుతాయనుకుంటే, అన్నీ మూసిన ఖాళీ హాల్లో ప్రతిధ్వని చల్లారడానికి మూడు సెకన్లు దాటుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు తలుపులు, వాకిలి వైపు కిటికీ తెరిస్తే ఒక సెకనుకు కాస్త అటూ ఇటూ. ఆపైన సోఫా, పరుపు, నలుగురు మనుషులు కూడా తలా కొంత మింగుతారు. దోమలకు మెష్ తలుపు ఉండనే ఉంది. స్పీకర్ ముందు గుడ్డ ఎట్లాగో శబ్దానికి ఆ జల్లెడా అట్లాగే, అడ్డే కాదు. తివాచీ ఖర్చు మిగిలింది, ఏసీ ఖర్చు మిగిలింది, అక్క మధ్యాన్నం నిద్ర మిగిలింది.

అయితే ఈ లెక్కకు ఇంకో కొస ఉంది, అది నాకు నచ్చని వైపు లాగింది. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం మాటను చెడగొట్టినా మోతకు తోడొస్తుంది. తలుపులు తీస్తే ఆ తోడు అయిదు డెసిబెళ్ల దాకా తగ్గిపోతుంది. అంత మోత తిరిగి తెచ్చుకోవాలంటే వాట్లు మూడింతలు కావాలి. ఏసీ లేదు కాబట్టి ఫ్యాను అయిదులో తిరుగుతుంది, దాని రొదను దాటి మాట వినపడాలి. మూసిన గదిలో గోడలే కొంత మోసే లోతు మోతను ఇక్కడ సబ్ వూఫర్ ఒంటరిగా మోయాలి. అంటే రాతి పెట్టెలాంటి గదికి చిన్న రిసీవర్ సరిపోయేది గాని, అక్క తలుపులు తీసిన హాలుకు సత్తువ ఉన్నదే కావాలి. పెద్ద రిసీవర్‌లో తొమ్మిది ఛానళ్లుంటే నాలుగు ఖాళీగా పడుంటాయి, ఉండనీ. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది. అయిదు స్పీకర్లూ ఒకేసారి అడిగినప్పుడు ఇచ్చేది అదే.

జాబితాలో మొదటి వరస అట్లాగే ఉంచాను. దాని కింద గీతలు కొట్టాను: ఏడు స్పీకర్లు అయిదయ్యాయి, ఆ మిగులూ ఏసీ డబ్బులూ సెంటర్ స్పీకర్‌కు, సబ్ వూఫర్‌కు పోయాయి. ఓమ్‌లు ఆరుకు తగ్గకుండా చూడమన్నాను, తెరిచిన హాల్లో గట్టిగా మోగించే పెట్టెకు నాలుగు ఓమ్‌ల బరువు కూడా ఎత్తడం ఎందుకు? వెనక రెండు స్పీకర్లు దండగన్నది నా పాత మాట. 1986లో కృష్ణ 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎంఎంగా ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చినప్పుడు, దాన్ని తెర వెనక ఒకే స్పీకర్ ఉన్న ఊరి హాల్లో విని ఈలలేసినవాణ్ణి నేను. కానీ బెలుంలో ఎక్కడో వెనక చుక్క పడితే పిల్లలంతా ఒక్కసారి తల తిప్పడం చూశాక, ఆ రెండూ ఉండనిమ్మన్నాను. రిసీవర్‌ను మాత్రం అద్దాల షోకేసులో పెట్టొద్దని గట్టిగా చెప్పాను. పైన జానెడు గాలాడాలి. వెనక చిల్లుల్లోంచి బల్లి దూరుతుందన్నది అక్క భయం. చిల్లులకు మెష్ కొడతారట.

సరుకు దిగి, సామాన్లు మళ్లీ హాల్లోకి వచ్చాక చివరికి మిగిలిన తగాదా సబ్ వూఫర్ చోటు. దానికో నాటు పద్ధతి ఉంది: డబ్బాను మనం కూర్చునే సోఫా మీద పెట్టి మోగించి, మనం నేల మీద గోడ వెంట దోగాడుతూ, మోత ఎక్కడ నిండుగా, ఉబ్బకుండా వినిపిస్తుందో అక్కడ దాన్ని దించాలి. పన్నెండు అడుగుల అడ్డంలో 47 హెర్ట్జ్ దగ్గర గది ఒక స్వరాన్ని పట్టుకుని ఊపుతుంది, ఆ ఉబ్బు లేని చోటు వెతకడానికే ఈ దోగాట. మావాడు మోకాళ్ల మీద మూడు గోడలు తిరిగాడు. బాగున్న మూల ఒక్కటే తేలింది, అక్కడ కర్నూలు సోనా బస్తాలున్నాయి. బస్తాలు తీస్తే మోత మళ్లీ ఉబ్బుతోంది, ఆ బియ్యమే దాన్ని మింగుతోంది. బస్తాలను అడుగు ముందుకు జరిపి, సబ్ వూఫర్‌ను వాటి పక్కన పెట్టమన్నాను. జరపడానికి అక్క ఇంకా ఒప్పుకోలేదు.