పాత ఇంగ్లీషు అచ్చులో ముద్దాయి మాట

ఇంగ్లీషు సాహిత్యమంటే మన కళాశాలల్లో ఇప్పటికీ ఇరవైముప్పైమంది పెద్దల పేర్లే. చాసర్ నుంచి షేక్‌స్పియరుకూ, షేక్‌స్పియరు నుంచి మిల్టనుకూ, అక్కడినుంచి పోపుకూ జాన్సనుకూ ఒక శిఖరం మీదినుంచి మరొక శిఖరం మీదికి దూకడమే చదువు. ఆ శిఖరాల మధ్య లోయలో ఏ జనం బతికారో, వారు అర్ధణా ఖర్చుపెట్టి ఏం కొని చదివారో, ఎవరి ప్రసంగం విని కన్నీళ్లు పెట్టుకున్నారో, ఎవరి ఉరి చూడడానికి పని మానుకుని పోయారో విద్యార్థికి తెలియదు. తెలియవలసిన అవసరం అధ్యాపకుడికీ కలగలేదు. దీనికి ఒక సాకు కూడా వుండేది: ఆ పుస్తకాలు లండనులో వున్నాయి, ఆక్స్‌ఫర్డులో వున్నాయి, మనకు దొరకవు.

ఆ సాకు ఇప్పుడు చెల్లదు. 1473 నుంచి 1700 వరకు ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకాలలో అరవై వేలకు పైగా అక్షరం అక్షరం తిరిగి టైపు చేయబడి వున్నాయి. వాటిలో పాతికవేలు 2015 జనవరిలోనూ, మిగిలినవి 2020 లోనూ అందరికీ ఉచితంగా విడుదలైనాయి. లండనులో ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో 1674 నుంచి 1913 వరకు జరిగిన నేరవిచారణల అచ్చు నివేదికలు, మొత్తం 1,97,000 పైచిలుకు విచారణలు, పన్నెండు కోట్ల డెబ్భై లక్షల మాటలు, డబ్బివ్వకుండా చదువుకోవచ్చు. మాదాపూరులో టీకొట్టు దగ్గర నిలబడి, చేతిలోని ఫోనులో 1724 నాటి లండను దొంగ కథ చదువుకోవచ్చునన్నమాట.

అయితే ఈ సౌకర్యం చూసి మురిసిపోయేవారికి ఒక ప్రశ్న వేయాలి. ఈ పుస్తకాలు ఇక్కడిదాకా ఎట్లా వచ్చాయి?

1938 లో అమెరికాలోని ఆన్ ఆర్బరులో యూజీన్ పవర్ అనే వ్యాపారి పుస్తకాలను మైక్రోఫిల్ము తీసే కంపెనీ ఒకటి పెట్టాడు. బ్రిటిషు మ్యూజియం వంటి ప్రజల గ్రంథాలయాలలో వున్న పుస్తకాల ఫిల్ములు తీసి విశ్వవిద్యాలయాలకు అమ్మాడు. ఆ ఫిల్ములే తర్వాత కంప్యూటరు బొమ్మలై, చందా కట్టినవారికి మాత్రమే తెరుచుకునే సరుకు అయినాయి. ప్రజల ఆస్తిని ఫోటో తీసి ప్రజలకే అమ్మడం పెట్టుబడిదారీ విధానంలో వింత కాదు. బొమ్మను వెతకడం సాధ్యం కాదు గనుక దానిని అక్షరాలుగా మార్చవలసి వచ్చింది. యంత్రం ఆ పని చేయలేకపోయింది. పాత అచ్చులో ఇంగ్లీషు ఎస్ అక్షరం ఎఫ్ లాగా పొడుగ్గా వుంటుంది. గోథిక్ అచ్చు మందంగా వుండి అక్షరాలు ఒకదానినొకటి కరుచుకుంటాయి. వెనకపేజీ సిరా ముందుకు వూరుతుంది. అందుచేత మనుషులు కూర్చుని టైపు చేశారు. మిషిగన్, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయాలు నడిపించిన ఆ పనిలో టైపు భాగం భారతదేశం వంటి దేశాలలోని కాంట్రాక్టు కంపెనీలకు వచ్చింది. ఇరవై వేల అక్షరాలకు ఒక్క తప్పు మించకూడదని నిబంధన. కనిపించినది కనిపించినట్లు కొట్టాలి, అర్థం చేసుకుని దిద్దకూడదు, చదవలేని అక్షరం చోట గుర్తు పెట్టాలి.

ఆ ఫైళ్ల మొదట్లో ఒక చిన్న పట్టిక వుంటుంది. దాన్ని ఎవరూ చదవరు గాని మన పాఠకులు చదవాలి. ప్రూఫు నమూనా చూసినవారి చోట మనిషి పేరు వుంటుంది. టైపు చేసినవారి చోట కంపెనీ పేరు వుంటుంది. మొత్తం పుస్తకం కళ్లతో వెతికి, వేళ్లతో కొట్టినవాడు మనిషిగా లెక్కకు రాలేదు. అందులో ఇరవయ్యో వంతు సరిచూసినవాడు వచ్చాడు.

మన నగరంలోనూ దీనికి దగ్గరి పని జరిగింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన సంవత్సరమే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ కూడా వెలిసింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంనుంచి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకానికి ఆ సంస్థ ఒక పెద్ద స్కానింగు కేంద్రమయింది. తెలుగు, ఉర్దూ, సంస్కృత గ్రంథాలతోపాటు మన లైబ్రరీలలో దుమ్ముకొట్టుకుపోతున్న పాత ఇంగ్లీషు పుస్తకాలు కూడా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో బయటపడ్డాయి. ఆ బొమ్మలు చూసినవారికి తెలుసు, పేజీ అంచున అప్పుడప్పుడు స్కాను చేసిన మనిషి బొటనవేలు కనిపిస్తుంది. తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎంత వికారంగా రాశారంటే, కావలసిన పుస్తకం దొరకాలంటే ఎన్ని రకాలుగా తప్పు రాయవచ్చునో ముందు వూహించుకోవలసి వచ్చేది. కాపీహక్కుల చిక్కులవల్ల ఆ సైటు మూతపడ్డది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో మిగిలాయి. ఇంగ్లీషు పుస్తకానికి ఇరవై వేలకు ఒక్క తప్పు, తెలుగు పుస్తకానికి పేరే తప్పు. శ్రమ చేసే చేయి ఈ దేశానిదే అయినా, ఎంత శ్రద్ధ పెట్టాలో నిర్ణయించినది డబ్బు.

ఇక పుస్తకాల సంగతి. నేరవిచారణ నివేదిక, మతప్రసంగం, నాటకం వేర్వేరు వస్తువులని గ్రంథాలయాలు వేర్వేరు అరలలో పెడతాయి. నిజానికి పద్దెనిమిదో శతాబ్దపు లండనులో ఇవి ఒకే బజారు సరుకులు, ఒకే శవం మీద బతికినవి.

జాక్ షెపర్డు సంగతి తీసుకుందాం. 1702 లో పుట్టి వడ్రంగి దగ్గర పనినేర్చుకోవడానికి కుదిరిన పేదవాడు. ఒక ఉన్ని బట్టల వ్యాపారి ఇంట్లో దొంగతనం చేసినందుకు 1724 ఆగస్టులో మరణశిక్ష పడ్డది. ఆ ఏడాదిలోనే నాలుగుసార్లు జైళ్లనుంచి తప్పించుకున్నాడు. న్యూగేటు జైలు గోడలు వడ్రంగి చేతిపనికి ఆగలేదు. నవంబరు 16న టైబర్నులో ఉరితీశారు. అప్పటికి ఇరవైరెండేళ్లు.

ఈ ఒక్క జీవితం మూడు విధాలుగా అచ్చయింది. మొదటిది విచారణ నివేదిక: ఏ ఇల్లు, ఏ సరుకు, ఎంత ఖరీదు, దోషి. రెండవది న్యూగేటు పాదిరీ రాతలు. ఉరిపడనున్నవారికి జైలు ప్రార్థనామందిరంలో ప్రసంగం చేయడం, ఆ ప్రసంగ సారాన్నీ, ఖైదీల జీవితాలనూ, పశ్చాత్తాపాలనూ కలిపి అచ్చువేసి అమ్ముకోవడం ఆ పాదిరీ ఉద్యోగానికి వున్న రాబడి. 1676 నుంచి దాదాపు వందేళ్లు ఈ వ్యాపారం సాగింది. వాటిలో ఎవడి జీవితం తీసుకున్నా కథ ఒక్కటే: ఆదివారం చర్చికి పోలేదు, తాగుడు నేర్చాడు, చెడ్డ ఆడదాని సావాసం పట్టాడు, ఉరికొయ్య ఎక్కాడు. కూలి ఎంత, రొట్టె ధర ఎంత అనే ప్రశ్న పాదిరీకి తట్టదు. మూడవది నాటకం. షెపర్డు చనిపోయి రెండు వారాలు కాకముందే డ్రూరీ లేను రంగస్థలం మీద అతడి పేరిట మూకాభినయం వేశారు. నాలుగేళ్లకు, 1728 జనవరిలో, జాన్ గే రాసిన “బిచ్చగాడి సంగీతనాటకం” వచ్చింది.

మూడింటిలో విచారణ నివేదికే ఎక్కువ నిజమని మనవారిలో కొందరు అనుకుంటారు. పాదిరీ నీతి చెబుతాడు, నాటకకర్త కల్పిస్తాడు, గుమాస్తా మాత్రం విన్నది రాసుకుంటాడని వారి నమ్మకం. ఇది అమాయకత్వం. ఆ నివేదికలు పుస్తక వ్యాపారులు లాభానికి వేసినవి. ఫిర్యాది చెప్పినది విస్తారంగా వుంటుంది. ముద్దాయి చెప్పుకున్నది ఒక్కొక్కచోట ఒక్క వాక్యంలో ముగుస్తుంది. 1790 లో, ముద్దాయి విడుదలైన కేసుల వివరాలు అచ్చువేయవద్దని లండను నగర అధికారులు నిషేధించారు. ఎట్లా వాదిస్తే తప్పించుకోవచ్చునో తెలుసుకుని దొంగలు నేర్చుకుంటారట! ఈ నిషేధం రెండేళ్లు నడిచింది. పైగా దొంగతనం, హత్య వంటి నేరాలలో ముద్దాయికి ప్లీడరు వుండే హక్కే లేదు. 1730 ప్రాంతంనుంచి సాక్షులను అడ్డుప్రశ్నలు వేయడానికి న్యాయాధిపతులు దయతలచి అనుమతించేవారు. పూర్తిగా వాదించే హక్కు 1836 చట్టంతోగాని రాలేదు. చదువురాని పనిపిల్ల, ప్రాణం పోయే కేసులో, విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషుల ఎదుట తన వాదం తానే చెప్పుకోవలసి వుండేది.

అయినా ఈ నివేదికల విలువ అక్కడే వున్నది. అచ్చువేసినవాడి ఉద్దేశం ఏదైనా, లోపలికి బతుకు దూరింది. గిన్నెలు, దుప్పట్లు, చేతిరుమాళ్లు, వాటి ఖరీదులు, ఏ వేళకు ఎవరు పనికి పోయారు, ఎక్కడ పడుకున్నారు అనేవన్నీ సాక్ష్యంలో దొర్లుతాయి. ఇంట్లో నలభై షిల్లింగుల సరుకు దొంగిలిస్తే ఉరి అని 1713 చట్టం. నివేదికలు తిరగేస్తే జ్యూరీ పదేపదే సరుకు ఖరీదు ముప్పైతొమ్మిది షిల్లింగులని తేల్చడం కనిపిస్తుంది. ఆ ఒక్క షిల్లింగు తేడాలో ఒక ప్రాణం నిలిచేది. ఆ జ్యూరీ చిన్నపాటి ఆస్తిపరులదే. వారికే ఆ చట్టం మింగుడుపడలేదు. చట్టం ఏ వర్గానిదో చెప్పే వ్యాసాలు మనం ఎన్నో రాశాం. ఈ ముప్పైతొమ్మిది అనే అంకె వాటికంటె గట్టిగా చెబుతుంది. పీటర్ లైన్‌బా అనే చరిత్రకారుడు 1991 లో ప్రచురించిన గ్రంథంలో ఈ కాగితాలను తవ్వి ఒక సంగతి చూపాడు. ఓడలు కట్టేచోట వడ్రంగులు తమ హక్కుగా ఇంటికి తీసుకుపోయే చెక్కముక్కలవంటివి, యజమానులు కూలిని పూర్తిగా డబ్బులోకి మార్చుకుంటూ వచ్చినకొద్దీ, దొంగతనాలయినాయి. నిన్నటి మామూలు ఇవాళ నేరం. పాదిరీ ప్రసంగాలలో ఇది దొరకదు.

ప్రసంగాలన్నిటినీ తోసిపుచ్చమని నేననను. 1640 తర్వాత రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం నడిచిన కాలంలో బైబిలు భాషలోనే భూమి అందరిదీ అన్నవారున్నారు. 1649 లో విన్‌స్టాన్లీ కరపత్రాలు అందుకు సాక్ష్యం. ఆ యిరవై ఏళ్ల కరపత్రాలను, ప్రసంగాలను జార్జ్ థామసన్ అనే పుస్తక వ్యాపారి ఇరవై వేలకు పైగా పోగుచేసి దాచాడు గనుక మనకు మిగిలాయి. కాని వాటి మీద విడిగా రాయాలి.

నాటకాల దగ్గర మన విమర్శకు అసలు పని. జార్జ్ లిల్లో “లండను వర్తకుడు” 1731 లో వచ్చింది. పని నేర్చుకునే కుర్రవాడు వేశ్య మోజులో యజమాని సొమ్ము తిని, దగ్గరి బంధువును చంపి ఉరికెక్కడం కథ. రాజులను వదిలి గుమాస్తాను విషాదనాయకుణ్ణి చేశాడని చరిత్రకారులు దీన్ని మెచ్చుకుంటారు. వస్తువు కొత్తదే. కాని చూపు ఎవరిది? పండుగ సెలవులలో పనికుర్రాళ్లకు బుద్ధి రావాలని దశాబ్దాలపాటు లండనులో దీన్ని ఆడారు. ఇది పాదిరీ ప్రసంగమే, తెరలు కట్టి, దీపాలు పెట్టి చెప్పినది. సామాన్యుడు కథానాయకుడైతే చాలు, రచన అభ్యుదయకరమైపోతుందనుకునే మన మిత్రులు ఈ నాటకం ఒకసారి చదవాలి. గే నాటకంలో దొంగలే పాత్రలు, కాని ప్రేక్షకుడికి దొంగల నాయకుడికీ మంత్రికీ తేడా కనిపించకుండా చేశాడు. ఆ నాటకం మొదటి విడతలోనే అరవైరెండుసార్లు ఆడింది. సరిగ్గా రెండువందల ఏళ్లకు, 1928 లో, బెర్టోల్ట్ బ్రెష్ట్ దాన్నే తీసుకుని బెర్లినులో బ్యాంకుల కాలపు నాటకం చేశాడు. లిల్లో నాటకాన్ని అట్లా తీసుకుని తిరిగి బతికించినవారు నాకు కనిపించలేదు.

మనకు ఇటువంటి సామగ్రి లేదా? తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలు జర్మనీలోని హాలెలో బెంజమిన్ షుల్జ్ 1746 ప్రాంతంలో వేయించిన క్రైస్తవ మతగ్రంథాలు. మన అచ్చు కూడా ప్రబోధంతోనే మొదలయింది. న్యాయస్థానం మన నాటకంలోకి గురజాడ “కన్యాశుల్కం”తో వచ్చింది. అందులో ప్లీడర్లు, దొంగసాక్ష్యాలు, లేని హత్యకు కేసు అన్నీ వున్నాయి. విచారణ నివేదికలే మనకు పుస్తకాలుగా లేవు. తెలంగాణ సాయుధపోరాట కాలంలో నల్లగొండ జిల్లా రైతులకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్షలు వేశాయి. ఆ కేసు జనార్దనరెడ్డి పేరుతో 1951 లో సుప్రీంకోర్టుకు పోయింది. ఇంగ్లండునుంచి డి. ఎన్. ప్రిట్ వచ్చి వారి తరఫున వాదించాడు. ముఖ్యమైన వాదం ఏమిటంటే, ప్రాణం పోయే కేసులో ముద్దాయిలకు ప్లీడరును పెట్టుకునే అవకాశం ఇవ్వలేదని. ప్లీడరు లేనంతమాత్రాన ప్రతి కేసులోనూ విచారణ చెల్లకుండా పోదని కోర్టు అన్నది. ఇంగ్లండులో 1836 లో తేలిన ప్రశ్న మన రైతు మెడమీద 1951 లో కూడా వేలాడుతున్నది. తర్వాత ఆ శిక్షలు యావజ్జీవ ఖైదుగా మారాయి.

నిజాం కాలంలో హైదరాబాదు న్యాయస్థానాల భాష ఉర్దూ. సుప్రీంకోర్టు భాష ఇంగ్లీషు. రైతు మాట్లాడేది తెలుగు. జనార్దనరెడ్డి కేసు తీర్పు ఇవాళ గచ్చిబౌలిలో ఏ విద్యార్థి ఫోనులోనైనా నిమిషంలో తెరుచుకుంటుంది. అందులో న్యాయమూర్తుల తర్కం వున్నది, ఇరుపక్షాల ప్లీడర్ల వాదం వున్నది. ముద్దాయిలు తమ నోట ఏం చెప్పుకున్నారో అందులో లేదు.