గంజాయికి త్రాసు చాలునా?

మాదన్నపేట మండిలో తూకమునకు ఆకుకూర కొనువారికి ఒక సంగతి తెలియును. నీళ్లు చల్లిన కూర ఎక్కువ తూగును. ముదురు కాడలతో తూచినచో ఇంకను ఎక్కువ తూగును. వంటకు పనికివచ్చునది మాత్రము అంతే. ఈ సంగతిని మన మాదక ద్రవ్యముల చట్టము గంజాయి విషయమున సరిగా పట్టించుకొనలేదు. కూర బేరములో పోవునవి కొద్ది రూపాయలు. ఇక్కడ పోవునవి మనిషి బ్రతుకులో పది సంవత్సరములు.

1985 నవంబరు 14న అమలులోనికి వచ్చిన ఎన్.డి.పి.ఎస్. చట్టము మొక్కను భాగములుగా విడదీసినది. పూచిన లేక కాచిన కొనలు గంజాయి. వేరుచేసిన జిగురు చరసు. కొనలతో కలిసియుండని ఆకులు, గింజలు గంజాయి కావు. అందుచేతనే ఆకుతో చేయు భంగు ఈ చట్టమునకు వెలుపల నిలిచి, రాష్ట్రముల ఆబ్కారీ శాసనములకు విడువబడినది.

ఈ విభజనలో వృక్షశాస్త్రమునకు సమ్మతమైన వివేకమున్నది. జిగురును స్రవించు సూక్ష్మగ్రంథులు ఆడమొక్క పూగుత్తులపై దట్టముగాను, పెద్ద ఆకులపై పలుచగాను ఉండును. ఆ జిగురులో మత్తునకు ముఖ్యకారణమైన టెట్రాహైడ్రోకన్నాబినాల్‌ను, అనగా టి.హెచ్.సి.ని, 1964లో ఇజ్రాయెల్‌లో గావోనీ, మెషూలం అను శాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేరుచేసిరి. 21 ఏండ్ల తరువాత వచ్చిన చట్టములో, గంజాయి నిర్వచనమునందు దాని పాలు ఎంతయను ప్రసక్తియే లేదు.

దీని ఫలితమేమి? 2001 నాటి ప్రకటన ప్రకారము గంజాయికి చిన్న పరిమాణపు హద్దు 1 కిలో. వాణిజ్య పరిమాణపు హద్దు 20 కిలోలు. మొదటి హద్దుకు లోబడినచో శిక్ష ఒక సంవత్సరమునకు మించదు. రెండవదానిని దాటినచో 10 సంవత్సరములకు తగ్గదు, 20 వరకు పోవచ్చును. బెయిలు దొరకుటయు దుర్లభము. పచ్చి మొక్కలో అధికభాగము నీరే. పట్టుబడిననాడు 21 కిలోలు తూగిన పచ్చిసరకు, ఎండిన పిమ్మట 20 కిలోలకు ఎంతో దిగువకు దిగును. నేరము మారలేదు, సారము మారలేదు. తేమ మాత్రమే మారినది. ఆకులను, కాడలను వేరుచేయక తూచిరన్న కారణముపై కొన్ని కేసులలో ఉన్నత న్యాయస్థానములు బెయిలు ఇచ్చినవి కూడ.

సారమునుబట్టి హద్దు మారవలెనను సూత్రమును చట్టము ఎరుగక పోలేదు. జిగురు చిక్కనిది గనుక చరసుకు 100 గ్రాములు, 1 కిలో అను హద్దులు పెట్టినది. అయితే ఆ సూత్రమును గంజాయి దగ్గర విడిచిపెట్టినది. కొన్ని నవీన రకముల పూగుత్తులలో టి.హెచ్.సి. 20 శాతము దాటును. నారకొరకు పెంచు రకములలో 0.3 శాతమునకు లోపుగా ఉండును. నిర్వచనము ప్రకారము రెండింటి కొనలును గంజాయియే! నారమొక్క సాగునకు 2018లో అనుమతి నిచ్చిన ఉత్తరాఖండ్ ఈ 0.3 శాతమునే హద్దుగా గ్రహించినది. కావున రసాయన కొలత మన దేశమున సాధ్యము కానిది కాదు.

ఈ విమర్శ గంజాయి నిరపాయకరమని చెప్పుటకు కాదు. టి.హెచ్.సి. మెదడులోని గ్రాహకములకు అంటుకొని జ్ఞాపకమును, ఏకాగ్రతను చెరచును. ఎదుగుచున్న మెదడునకు హాని మరింత ఎక్కువ. సారము హెచ్చిన కొలది మనోవైకల్యపు ప్రమాదమును హెచ్చును. సారమును కొలువవలెననుటకు ఇదియే బలమైన కారణము. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి సంఘము 27–25 ఓట్లతో గంజాయిని అతి కఠినమైన నాల్గవ పట్టికనుండి తొలగించినది. భారతదేశము అనుకూలముగా ఓటు వేసినది. అయినను మొదటి పట్టికలో అది నియంత్రణలోనే యున్నది. వర్గీకరణ సవరించుట వేరు, విచ్చలవిడిగా వదలుట వేరు.

జరుగవలసినది స్పష్టము. కొనలను వేరుచేసి, ఎండబెట్టి, తూచవలెను, నమూనాలలో టి.హెచ్.సి. శాతమును కట్టవలెను. ఇందుకు ప్రయోగశాలలు పెరుగవలెను. లేనిచో నివేదిక వచ్చువరకు నిందితుడు జైలులో ఎదురుచూచును. సంస్కరణయే శిక్షగా మారును.

ఉపాధ్యాయులు ఈ చట్టములోని 64-ఏ సెక్షనును కూడ తెలిసికొనియుండుట మంచిది. వాడకము లేక చిన్న పరిమాణపు ఆరోపణ గల వ్యసనపరుడు, ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో తానై చికిత్సకు చేరినచో ప్రాసిక్యూషన్ నుండి మినహాయింపు పొందవచ్చును. చికిత్స పూర్తి చేయనిచో అది పోవచ్చును. దారితప్పిన విద్యార్థి తండ్రి సలహాకై బడికి వచ్చిననాడు, ముందుగా చెప్పవలసినది ఈ మాట.